పదకొండుసార్లు అమ్ముడుపోయిన లారీ

మురకంబట్టు రోడ్డులో నాది పంక్చర్ షాపు.
పగలంతా ట్యూబుల్ని నీళ్ళతొట్లో ముంచి
బుడగ యాడ లేస్తుందా అని చూస్తా ఉంటా.
రాత్రయితే
అగ్గిపెట్టెంత లారీలు, రెండు వేళ్ళ మీద నిలిచే బస్సులు,
అట్టపెట్టె విప్పకుండా
బీరువాలో వరసగా ఆపుకుంటా.

"నలభై ఆరేండ్లోడివి, ఇవేం ఆటలు?" అంటుంది దొరసాని.
ఆటలు కాదుమే అంటా.
ఆడితే వాటికి విలువ పోతుంది.
ఆ మాట చెప్పేటప్పుడు నాకే నవ్వొస్తుంది.

నా మాదిరోళ్ళు ఇంకా ఉండారు ఈ చిత్తూర్లో.
ఆదివారం పొద్దున సంతపేట టీ కొట్టు వెనక బెంచీ మాది.
గడియారాలు బాగుచేసే ఖాజా మొహిద్దీన్,
మామిడి మండీలో వేలం పాడే దామోదరం,
లెక్కల టీచరు జీవరత్నం.
పెట్టె మూల నలిగితే
మనిషి మోచెయ్యి విరిగినట్టు మూలిగేవాళ్ళం.

ఒక ఆదివారం టీచరు టీ తాగలేదు.
ఆమె తరగతిలో యశ్విత అని ఒక బిడ్డ.
బంగారుపాళ్యం నుంచి బస్సులో వస్తుంది.
మూడు వారాలకొకసారి ఒంటికి రక్తం ఎక్కించాల.
రక్తం ఊరికే ఇస్తారప్పా,
దాన్ని వడగట్టే ఫిల్టరుకు డబ్బులు,
ఒంట్లో పేరుకుపోయే ఇనుముకు మాత్రలు, వాటికి డబ్బులు.

"ఇనుమా?" అన్నాడు ఖాజా.
చేతిలో జీపుంది.
మెల్లిగా బల్ల మీద పెట్టినాడు.

నా దగ్గరొక లారీ ఉండేది.
ఫ్యాక్టరీలో రంగు తప్పి
ఒక తలుపు పసుపు, ఒక తలుపు నీలం.
తప్పు పడింది గనకనే అంత ధర దానికి.
బిడ్డ రక్తంలోనూ ఏదో అట్లాంటి తప్పేనంట,
పుట్టకతోనే.
దాని ధర మాత్రం కన్నోళ్ళు కట్టాల.

గిరింపేట బడి వరండాలో బల్లలు వేసినాము.
ఎవరి బండ్లు వాళ్ళు తెచ్చి పెట్టినారు.
కొన్ని అమ్ముడుపోయినాయి, కొన్నిటిని
పిల్లోళ్ళు ముట్టుకోని చూసి పోయినారు.
చివర్న నా లారీ.
దామోదరం గొంతు విప్పినాడు,
తోతాపురి గంపలు ముందర లేవు గానీ అదే కేక.

తొమ్మిదేండ్లుగా దాన్ని అడగతా ఉండాడు ఖాజా.
ఆరు వేలకు పాట కొట్టేసినాడు.
డబ్బు డబ్బాలో వేసి,
లారీని కంటికి ఆనించి, గడియారం లోపల చూసినట్టు
చాలాసేపు చూసి,
మళ్ళీ బల్ల మీదే పెట్టినాడు.
"ఇంకోసారి పాడు దామూ."

ఐదు వేలకు దామోదరమే కొన్నాడు. పెట్టేసినాడు.
డ్యూటీకి పోతా పోతా ఒక కానిస్టేబులు. పెట్టేసినాడు.
గేటు కాడ ఇడ్లీలమ్మే కుప్పమ్మ
కొంగుముడి విప్పి ఇరవై రూపాయలిచ్చి,
"ఇదేందో నాకు తెలీదు నాయనా, నాదైపోయిందా?" అని అడిగి,
తానే తిరిగి పెట్టేసింది.

చేతులు మారి మారి పెట్టె మూలలన్నీ నలిగిపోయినాయి.
ఒక్కరూ మూలగలేదు.

"పదకొండుసార్లు" అనింది యశ్విత,
కిటికీ కాడ పలక మీద గీతలు గీస్తా.
"కాదు, పదే" అన్నాడు ఖాజా.
మళ్ళీ లెక్కబెట్టినాము.
బిడ్డ లెక్కే సరి.

నలభై ఒక్క వెయ్యి, మూడొందల ఇరవై.
టీచరు నోటితోనే భాగించి చెప్పింది:
"పద్నాలుగు నెలలకు వస్తుంది."
ఆపైన?
ఎవరూ అడగలేదు.
లారీని ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు కూడా.
టీ కొట్టులో బిస్కెట్ల సీసా పక్కన ఉండాది అది,
వచ్చే ఏడు పాటకు.

ఇంట్లో బీరువా తెరిస్తే
దుమ్ములో నలుచదరం గుర్తులు,
బండ్లు పోయినాక మిగిలిన స్టాండు మాదిరి.
దొరసాని తడిగుడ్డ తెచ్చి తుడిచింది.
పై అరలో, ఎడంపక్క,
ఒక్క గుర్తు కాడ ఆమె చెయ్యి ఆగింది.
దాన్ని వదిలేసి,
గుడ్డ పిండుకోవడానికి పోయింది.